మార్కు దేనికి సాక్షి?

విజయవాడ వన్ టౌనులో, కాళేశ్వరరావు మార్కెట్టు వెనుక సందున, దుకాణములు కట్టివేయు వేళ, ఒక కిరాణా షావుకారును, గణితము బోధించి ఉద్యోగ విరమణ చేసిన ఒక మాస్టారును, గల్లాపెట్టె యొద్ద కూర్చుండి, ఏడవ తరగతి చదువుచున్న షావుకారు మనుమరాలి ప్రగతి పత్రమును మధ్య నుంచుకొని జరిపిన సంవాదమిది.

షావుకారు: మాస్టారూ, లెక్కలలో మా పిల్లకు బి1 అని వ్రాసినారు. దానికేమి వచ్చునో, ఏమి రాదో ఈ అక్షరమును బట్టి నాకు బోధపడలేదు. మా కాలమున నూటికి ఇన్ని యనెడివారు, అదియైనను తెలిసినట్టుండెడిది.

మాస్టారు: తెలిసినట్టుండుట వేరు, తెలియుట వేరు షావుకారుగారూ. 35 తెచ్చుకొని ఉత్తీర్ణుడైనవాడు మిగిలిన 65లో ఏమి విడిచెనో ఎవరడిగిరి? 2012లో పదవ తరగతి ఫలితములు గ్రేడులయ్యెను. 2022లో మరల మార్కులుగనే వెలువడెను. ఆ రాకపోకల వలన పిల్లవానిని గూర్చి మనకు తెలిసినది ఆవగింజంతయు పెరుగలేదు, తరుగలేదు.

షావుకారు: మరేమి వ్రాయవలెనందురు?

మాస్టారు: వ్రాయవలసినది పాఠ్యపుస్తకములలోనే అచ్చయి యున్నది. 2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళిక చట్రము ననుసరించి వచ్చిన పుస్తకములలో ‘విద్యా ప్రమాణములు’ కలవు. గణితమునకు సమస్యా సాధన, కారణములు చెప్పుట–నిరూపణ, వ్యక్తపరచుట, అనుసంధానము, ప్రాతినిధ్యపరచుట అని అయిదు. ఒక్కొక్కదానిని విడివిడిగ పరికించి, ఇది వచ్చినది, ఇది రాలేదని చెప్పుటయే ప్రమాణాధారిత మూల్యాంకనము. కాని జరిగినదేమి? నిర్మాణాత్మక మూల్యాంకనమునకు 50 మార్కులు పెట్టి, లఘు పరీక్షకు 20, తరగతిలో పాల్గొనుటకు, వ్రాతపనికి, ప్రాజెక్టునకు తలకు పదేసి పంచి, తుదకన్నిటిని కూడి గ్రేడు కట్టిరి. నీటుగ అట్టవేసిన నోటుపుస్తకమును, అక్క చేసిపెట్టిన ప్రాజెక్టును, భిన్నముల జ్ఞానమును ఒకే అక్షరములో కలిసిపోయెను. కూడిక పూర్తియైన క్షణముననే ప్రమాణము కరగిపోయెను.

షావుకారు: కూడక ఎట్లు తేల్తురు?

మాస్టారు: ఈ పిల్లనే చూడుడు. జూలైలో అర్ధమును మూడవ వంతును కూడుమనిన, పైవానిని పైవానితో, క్రిందివానిని క్రిందివానితో కలిపి 2/5 అని వ్రాసినది. సగమునకు మరికొంత చేర్చగా సగముకంటె తక్కువ ఎట్లు వచ్చెనను శంక దానికి కలుగలేదు. డిసెంబరులో అదే పిల్ల కాగితము మీద ఆరు గళ్ళు గీసి, మూడింటికొక రంగును, రెండింటికొక రంగును వేసి, 5/6 అని చూపి, ఎందుకో కూడ చెప్పినది. రెంటికిని సగటు కట్టి సగము వచ్చునని వ్రాసితిమి. ఆ సగము వచ్చిన పిల్ల జూలైలోను లేదు, డిసెంబరులోను లేదు.

షావుకారు: ఇంతవరకు ఒప్పితిని. నా ఖాతాలో సంక్రాంతి నాటి బాకీని నేటి బాకీని కలిపి సగటు తీయను. నేటి నిల్వయే లెక్క. అయినను, అరువిచ్చునపుడు నిల్వ మాత్రమే చూడను. గడువునకు తెచ్చి ఇచ్చినవాడును, పదిమార్లు త్రిప్పుకొని కడపట తీర్చినవాడును నాకు సమానులు కారు. మీరు చివరినాటి తెలివినే లెక్కించితిరా, పిల్లలు ఫిబ్రవరి దాక ఆడుకొందురు.

మాస్టారు: గడువు తప్పినవాని బాకీ మొత్తమును మీరు దిద్ది వ్రాయుదురా? పేరు ప్రక్కన ఒక గుర్తు పెట్టుకొందురు. శ్రద్ధకును అట్లే వేరొక గడి యుండనిండు.

షావుకారు: లెక్కకు రాని గడిని ఎవరు చూతురు?

ఈ ప్రశ్నకు మాస్టారు వెంటనే బదులు చెప్పలేదు. నాకు తోచినంతవరకు, షావుకారు పక్షమున బలమైన మాట ఇదియే.

షావుకారు: ఈ ఊరిలో ఇంటరు చేర్చుకొనువారికి కావలసినది ఒక్క సంఖ్య. ర్యాంకుల ప్రకటనలను 2022లో ప్రభుత్వము నిషేధించినది గదా, ర్యాంకు మీది ఆశ పోయెనా?

మాస్టారు: పోలేదు. సీట్లు తక్కువై కోరువారు ఎక్కువైన చోట వరుస తప్పదు, దానికి ప్రవేశ పరీక్షలున్నవి. వరుసలో నిలుపుట ఒక పని, సాక్ష్యము పలుకుట ఇంకొక పని. ఏడవ తరగతి పిల్ల వరుస ఎవరికి కావలెను?

షావుకారు: నాకే కావలెను! ప్రక్క దుకాణము వాని మనుమడు ఏ1.

మాస్టారు నవ్వెను.

షావుకారు: సరే, నలుబదిమంది పిల్లలు, అయిదు ప్రమాణములు, ఒక్క పాఠమునకు రెండువందల గడులు. ఎవరు నింపుదురు?

మాస్టారు: నింపుటకు కూర్చున్నవారికి పాఠము చెప్పు తీరిక లేకపోయెను, రిజిస్టరు తనిఖీ అధికారి కొరకు నిండినది గాని పిల్లకొరకు కాదు. పాఠమునకు తప్పనిసరియైనవి రెండో మూడో చాలును. రాలేదు, వచ్చుచున్నది, వచ్చినది అని మూడు మాటలు చాలును. అయితే ‘రాలేదు’ అని వ్రాసిన చోట మరల ఎప్పుడడుగుదురో తేది వేయవలెను. వేయనిచో అదియు ముద్రయే. పరీక్షల తేదీలు అందరికి ఒక్కటే, సిలబసు ఆగదు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. బడిలో దొరకని తేది ఇంటనైనను దొరకవలెను. దీనికి భిన్నముల భాగహారము రాలేదు. మీరు చూడరాదా?

షావుకారు: ముప్పాతికను అర్ధముతో భాగించుట నాకును రాదే!

మాస్టారు: అయిన మీ పేర గూడ ‘రాలేదు’ అని వ్రాయవలసివచ్చును.

షావుకారు: వ్రాయుడు, తేది కూడ వేయుడు. ఆదివారము దుకాణము ఒంటిపూటే.