గాలం మింగిన చేప – కందకుర్తి ఒడ్డున నేర్చుకున్న పాఠం

 

ఈ వారం వీడియోలో అవధూత 24 మంది గురువుల గురించి చెప్పుకున్నాం కదా. అక్కడ నోరు రాని మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. హైదరాబాద్‌లో నైట్ షిఫ్టులు. నిద్ర పట్టడానికని మొదలుపెట్టిన మందు రెండేళ్లలో రోజూ లేనిదే గడవని స్థితికి తెచ్చింది. అమ్మకి తెలియదనుకున్నాను. తెలుసు.

మా నిజామాబాద్ వైపు ఈ బాధ కొత్తది కాదు. డైజిపామ్, ఆల్ప్రజోలం కలిపిన కల్తీ కల్లుకి అలవాటైనవాళ్లు, అది ఒక్కసారిగా దొరకకపోయేసరికి వణుకుతో, ఫిట్స్‌తో ఆస్పత్రి పాలవడం 2015లో చూశాం. అందుకే ముందే చెప్తున్నా: రోజూ తాగేవాళ్లు సొంతంగా ఒక్కసారే ఆపొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నేనూ వెళ్లాను.

వైద్యంతో వణుకు తగ్గింది. కానీ సాయంత్రం ఏడైతే చాలు, మనసు నిలిచేది కాదు. బోధన్‌లో ఉండే మామయ్య రోజూ ఆ టైముకి నన్ను బండెక్కించి కందకుర్తి తీసుకెళ్లేవాడు. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టే చోటు అది. మంజీర, హరిద్ర అక్కడే వచ్చి కలుస్తాయి.

ఒకరోజు ఒకాయన గాలానికి చేప పడింది. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూతకి చేప కూడా గురువే. నాలుక రుచికి ఆశపడి చిక్కుకుంటుంది. అంతవరకు నాకూ తెలుసు. ఆ రోజు ఇంకోటి కనిపించింది. గాలం మింగిన చేప దాన్ని తనంతట తాను తీసుకోలేదు. ఇంకో చెయ్యి కావాలి. నేను రెండేళ్లు ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్ణే పీక్కోవాలని చూశాను.

మళ్లీ ఉద్యోగంలో చేరాక ఒకసారి తాగాను. సిగ్గుతో అక్కడికి వెళ్తే, నది మధ్యలో ఉన్న పాత శివాలయం వరదకి మునిగి ఉంది. మామయ్య తిట్టలేదు. "గుడి కొట్టుకవోయిందారా? మునిగింది, గంతే. నీళ్లు తగ్గితే మల్ల కనవడ్తది" అన్నాడు.

నది మందు కాదండి. ఆ ఒక్క గంట కూర్చోనిచ్చే చోటు, పక్కన ఒక మనిషి. శివుడు నాకు అలా దొరికాడు.

మీకూ అలాంటి గంట ఉంటే ఈ రోజు ఒక్కరికి చెప్పండి. ఎవరూ లేకపోతే 14446కి ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ. తర్వాత ఏ చెరువు గట్టుకో, చెట్టు కిందికో వెళ్లి కూర్చోండి.

శివార్పణం.