మెచ్చుకునేవాడి వాటా

"బాగా కష్టపడతాడు" అని ఒకరు ఇంకొకరిని మెచ్చుకుంటుంటే నాకు మొదట వచ్చే అనుమానం ఒకటే. ఆ కష్టంలో ఈ మెచ్చుకునే మనిషి వాటా ఎంత?

పాలమూరు నడిగడ్డలో పుట్టినవాళ్లకు ఈ అనుమానం రావడం సహజం. పాలమూరు లేబర్ అంటే ఎక్కడికి పోయినా ఒకటే మాట: ఎండకు జంకరు, మట్టిపనిలో వాళ్లను మించినవాళ్లు లేరు, పొద్దు చూసుకోరు. ఈ మాట పుట్టించింది కాంట్రాక్టర్లు, వాళ్ల కింది మేస్త్రీలు. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క తుంగభద్ర ఉన్న గడ్డ మీద చేనుకు నీళ్లందక, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లల్ని ముసలోళ్లకు అప్పజెప్పి, డ్యాములు కట్టడానికి, కాలువలు తవ్వడానికి రాష్ట్రాలు దాటిపోయినవాళ్లకు దక్కిన బిరుదు అది. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలయ్యాయి గాని ఆ బిరుదు ఉమ్మడిగానే ఉండిపోయింది. దానివల్ల కూలి రేటు పెరిగిందని నేనెక్కడా వినలేదు. మా ఇళ్లల్లో పిల్లలకు చదువుకోమని చెప్పేవాళ్లు, కష్టపడమని కాదు. కష్టం ఎవరి ఇంటికి చేరుతుందో పెద్దవాళ్లకు తెలుసు. ఫలం మీద ఆశ పెట్టుకోకుండా పని చేయాలన్న బోధ ఎంత గొప్పదైనా నేను దాన్ని ఒప్పుకోలేకపోయాను. అడ్వాన్సు ఇచ్చినవాడికి అంతకంటే అనుకూలమైన వేదాంతం లేదు.

అలాంటి ఇంట్లో పెరిగిన నేను టీవీలో కబడ్డీ చూస్తూ ఆ మేస్త్రీల మాటే అంటాను. "ఏం కష్టపడుతున్నాడు! ప్రాణం పెట్టి ఆడుతున్నాడు!" నన్ను తొలుస్తున్నది ఇదే.

పవన్ సెహ్రావత్ ఆటగాడిగా నడిచిన దారి చూడండి. 2019 జనవరిలో బెంగళూరు బుల్స్ ప్రో కబడ్డీ ఫైనల్ గెలిచినప్పుడు ఒక్కడే 22 పాయింట్లు తెచ్చాడు. అదే ఏడు అక్టోబరులో హర్యానా స్టీలర్స్ మీద ఒక్క మ్యాచ్‌లో 39. తర్వాత 2022 వేలంలో తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలు పెట్టి అతన్ని కొనుక్కుంది. అప్పటికి లీగ్‌లో ఎవరికీ పలకని ధర. కొత్త జట్టుకు ఆడిన మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయింది, ఆ సీజన్ మొత్తం పోయింది. మరుసటి ఏడు ఆ మోకాలితోనే హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కెప్టెన్‌గా వెళ్లి, ఫైనల్లో ఇరాన్ మీద 33-29తో గెలిచి బంగారు పతకం తెచ్చాడు. ఆ వెంటనే వేలంలో మన తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకుంది.

ఆ సీజన్ మా అందరికీ గుర్తే. టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి రెండే గెలిచింది. 12 జట్లలో ఆఖరిది. 2024 జనవరిలో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో సొంత జనం ముందు ఆడినా పట్టికలో ఆ చోటు మారలేదు. అయినా కూత కోసం గీత దగ్గర నిలబడేది అతడే. ఆట చేజారిపోయిందని స్కోరుబోర్డు చెబుతున్నా, ఎదుట ఏడుగురు చేతులు కలుపుకుని కాచుకుని ఉన్నా, ముప్పై సెకన్లూ ఊపిరి బిగబట్టి లోపలికి పోయేవాడు. నాతో కూర్చుని చూసేవాళ్లు జట్టును తిట్టి అతన్ని మెచ్చుకునేవాళ్లు. నేనూ మెచ్చుకునేవాణ్ని. రెండు కోట్ల అరవై లక్షలు నేను పెట్టలేదు, ఆ మోకాలు నాది కాదు. మరి ఆ మోకాలి నుంచి నేను ఇంకా ఏం కోరుతున్నట్టు?

కోట్లు తీసుకునేవాణ్ని కూలివాడితో పోలుస్తావా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. డబ్బువల్ల అతని బతుకు మారింది, కాదనను. అయితే నేను మెచ్చుకుంటున్నది అతని డబ్బును కాదు, ఒంట్లో ఉన్నదంతా అక్కడ పోసేయడాన్ని. కొండ ఎక్కుతున్న ఎద్దును చూసి "ఆగదురా ఇది" అని మురిసిపోయే బండివాడి మురిపెంలాంటిది ఏదో అందులో ఉందేమోనని నా భయం. పైగా రెండు కోట్లు పలికిన ఒక్కడి వెనక, రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తుందన్న ఆశతో మట్టిలో మోకాళ్లు అరగదీసుకుని, అదీ రాక, పాతికేళ్లకే ఆట ముగించుకున్నవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. వాళ్లనూ ఇదే మాటతో మెచ్చుకున్నాం.

కొంతకాలం నాకు ఒక జవాబు దొరికినట్టే అనిపించింది. అది డెన్నిస్ రాడ్‌మన్ వల్ల. బాస్కెట్‌బాల్‌లో మొరటుగా ఆడేవాడంటే ముందు అతని పేరే వస్తుంది. డల్లాస్ విమానాశ్రయంలో రాత్రిపూట ఊడ్చే పని చేసిన మనిషి. 1986లో డెట్రాయిట్ పిస్టన్స్ రెండో రౌండులో తీసుకుంది. బంతి బుట్టలో వేయడం అతని పని కాదు. ఆడినన్నాళ్ల సగటు తీస్తే మ్యాచ్‌కు ఏడు పాయింట్ల చిల్లరే. ఎవరో వేసి తప్పిపోయిన బంతిని అందుకోవడం, ఎదుటి జట్టు మొనగాడికి ఊపిరాడకుండా చేయడం, ఇవీ అతని పనులు. 1992 నుంచి వరసగా ఏడు సీజన్లు రీబౌండ్లలో అతడే ఫస్టు. పొడవు చూస్తే ఆరడుగుల ఏడంగుళాలే, బుట్ట కింద తోసుకునే రాక్షసుల మధ్య అదేమంత ఎత్తు కాదు. పిస్టన్స్‌తో రెండు, చికాగో బుల్స్‌తో మూడు, మొత్తం ఐదు చాంపియన్‌షిప్‌లు. జనం అన్న మాట ఒకటే: వాడిలో ఉన్నదంతా చెమటే. 2020లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో అతడు తన పని చెప్పుకున్నాడు. అర్ధరాత్రి దాటాక స్నేహితులను జిమ్‌కు తీసుకెళ్లి, అక్కడి నుంచి వెయ్, ఇక్కడి నుంచి వెయ్ అని బంతులు వేయించుకునేవాడట. ఏ కోణం నుంచి వేస్తే బంతి ఎటు పడుతుందో, ఎవరి బంతి ఎలా తిరుగుతుందో చూసి చూసి నేర్చుకున్నాడు. అందరూ బలమనుకున్నది చూపు!

అప్పుడు అనుకున్నాను: కష్టాన్ని మెచ్చుకోవడం అంటే బుర్రను చూడకుండా తప్పించుకోవడం. పాలమూరు మనిషి కాలువ గట్టు వాలును కంటిచూపుతో సరిచేస్తాడు, ఏ రాయి మీద ఏ రాయి కూర్చుంటుందో చేత్తో తడిమి చెబుతాడు. దాన్ని నేర్పు అనరు. ఓర్పు అంటారు. నేర్పు అంటే రేటు పెంచాలి.

ఇది నిజమే, ఇప్పటికీ ఇదే అంటాను. కానీ సరిపోలేదు. రాడ్‌మన్ లెక్కలన్నీ తీసేసినా ఇంకొంత మిగులుతుంది. బయటికి పోతున్న బంతి కోసం కుర్చీల్లో కూర్చున్న జనం మీదికి దూకేవాడు. ఏ లెక్క వేసినా అందులో ఒంటికి వచ్చే లాభం లేదు. ఆ మిగిలినదేమిటో అర్థం కాక ఆగిపోయినప్పుడు మా అన్న గుర్తొచ్చాడు.

మా పెద్దనాన్న కొడుకు. జమ్ములమ్మ జాతర దినాల్లో మా దిక్కు ఊళ్లల్లో కబడ్డీ పోటీలు పెట్టేవాళ్లు. చేను దున్ని, నీళ్లు చల్లి, తొక్కించి, సున్నంతో గీతలు గీసేవాళ్లు. నాలుగు కట్టెలకు ట్యూబ్‌లైట్లు. అన్న ఎడమ కార్నర్. ఒక ఏడు వలసకు పోయిన చోటి నుంచి జాతరకని వచ్చాడు, మర్నాడు పొద్దున లారీ ఎక్కాలి. ఎదుటిది రాయచూరు వైపు నుంచి వచ్చిన జట్టు. వాళ్ల కూతగాడు మనిషి ఏనుగు. మావాళ్లు అప్పటికే చిత్తుగా ఓడిపోయి ఉన్నారు, ఆట ముగియడానికి ఒకటో రెండో నిమిషాలు. ఇక ఎవరు పట్టినా, పట్టకపోయినా ఒకటే. ఆ కూతగాడు అన్న వైపు కాలు చాపాడు. అన్న ఆ మడమ పట్టుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది నాకు బొమ్మ కట్టినట్టు ఉంది. వాడు ఆగలేదు. అన్నను ఈడ్చుకుంటూనే గీత వైపు పోయాడు. అన్న బోర్లా పడ్డాడు, మోకాలు మట్టిలో గీసుకుంటూ పోతోంది, ఎండిన పెళ్లలు తగిలి నెత్తురు వచ్చి ఎర్రమట్టిలో కలిసిపోయింది. మోకాలు ఒక పక్కకు మెలిపడడం మేమంతా చూశాం. పెద్దమ్మ గోడ మీది నుంచి అరుస్తోంది: "ఇడువురా, కాలు పోతది!" పిల్లలం, పెద్దలం అందరం "పట్టు, పట్టు" అంటున్నాం. అందరికంటే గట్టిగా "ఇడిసెయ్యరా" అని అరిచిన గొంతు ఇంకొకటి ఉంది. అది మేస్త్రీది.

నా అనుమానం మొత్తం తలకిందులైంది ఇక్కడే. ఆ కష్టంలో వాటా ఉన్నవాడు వదిలేయమన్నాడు. అడ్వాన్సు పెట్టినవాడికి ఆ కాలు భద్రంగా కావాలి. ఏ వాటా లేని మేమే ఆఖరి బొట్టు దాకా అడిగాం. అంటే ఇన్నాళ్లూ నేను వేలెత్తి చూపించింది తప్పు మనిషినా?

పెద్ద ఆటల్లోనూ ఇదే తీరు. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో యజమానులు తమ మొనగాళ్లను అసలు పోటీల కోసం దాచుకుని మామూలు మ్యాచ్‌లలో కూర్చోబెడుతున్నారని టికెట్ కొన్న జనం గొడవ పెట్టారు. చివరికి 2023-24 సీజన్ నుంచి, 82 మ్యాచ్‌లలో 65 ఆడనివాడికి పెద్ద అవార్డులు లేవని లీగ్ నిబంధన పెట్టాల్సి వచ్చింది. ఒంటిని కొన్నవాడు పొదుపు చేయమంటాడు, చూడవచ్చినవాడు ఇవాళే ఖర్చు చేయమంటాడు. ఆటగాడి ఇష్టం ఈ రెండింటి మధ్య ఎక్కడుందో నాకు చాలాకాలం కనిపించలేదు.

అన్న విషయంలో మాత్రం కనిపించిందనుకున్నాను. మట్టిపనిలో గుంత కొలిచి లెక్క కడతారు. ఇంత పొడవు, ఇంత లోతు, ఇంత కూలి. ఆ రాత్రి ఎవరూ కొలవలేదు. మర్నాడు లారీ ఎక్కాక ఆ ఒళ్లు మేస్త్రీది. ఆ నలభై నిమిషాలే అతని సొంతం, కాబట్టి తన ఇష్టం వచ్చినట్టు ఖర్చు చేసుకున్నాడు. నేను కొట్టిపారేసిన ఆ పాత బోధ ఉందే, ఫలం చూడని పని, అది అక్కడ, ఓడిపోయిన ఆటలో, వదలమని మేస్త్రీ అరుస్తుంటే నిజమైంది. దీన్నుంచి ఒక నియమం కూడా తయారుచేసుకున్నాను. వదిలేయగలిగి కూడా వదలనివాణ్ని మెచ్చుకోవచ్చు. వదిలే వీలే లేనివాణ్ని మెచ్చుకోవడం పాపం. పవన్ ఆ ఓడిపోయిన మ్యాచ్‌లలో తర్వాతి కూతకు ఇంకొకరిని పంపి వెనక నిలబడొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. రాడ్‌మన్ ఆ బంతిని పోనివ్వొచ్చు. కాలువ తవ్వేవాడు పార కింద పెట్టలేడు.

ఈ నియమం పట్టుకుని మొన్న అన్న దగ్గరికి పోయాను. ఇప్పుడు వలస పోవడం లేదు, సీడు పత్తి వేస్తున్నాడు. మా గద్వాల దిక్కు అంతా సీడు పత్తే. సాయంత్రం మొగ్గ పొట్టు వలిచి గుర్తు పెట్టడం, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దాని మీద రుద్దడం. ఒక్కొక్క పువ్వునూ వేళ్లతోనే. అన్న వరుస మధ్యలో స్టూలు వేసుకుని కూర్చుని క్రాసింగ్ చేస్తున్నాడు. ఆ మోకాలు పూర్తిగా మడవదు.

"ఆ రోజు ఎందుకు ఇడువలేదన్నా?" అని అడిగాను.

చేతిలో పువ్వు అట్లనే పట్టుకుని నా మొహం చూశాడు. "వాడు మూడు కూతలకు వచ్చిండు ముందు. మూడు సార్లూ నేను వాని నడుమే చూస్తున్న. నడుము కుడికి ఒరిగిందంటే ఎడమకాలు చాపుతడు. అది కనిపెట్టే సరికి ఆట అయిపోవచ్చింది. కనిపెట్టినంక ఆ కాలు నా చేతికే వచ్చింది. ఎట్ల ఇడుస్తరురా?"

మేస్త్రీ మాటెత్తాను. "మంచోడే పాపం. ఆ ఏడు నన్ను మట్టి మోయనియ్యలె, వంటకాడ పెట్టిండు. కూలి సగమే కట్టిండు. నేను అడగలె." ఆ మాట అంటూనే పక్క చెట్టుకు జరిగాడు.

నా నియమం అక్కడే ఆగిపోయింది. అతడు వదిలేయగలిగేవాడే అని నేను అనుకున్నాను. అతనికి మాత్రం వదలడమన్నది తోచనే లేదు. అది స్వేచ్ఛ కాదంటే నాకు మనసొప్పదు, అవునంటే ఆ మడవని మోకాలు ఎదురుగానే ఉంది. నడుము చూసి కాలు కనిపెట్టిన ఆ బుర్రా, ఈడ్చుకుపోయినా వదలని ఆ చేతులూ వేర్వేరని నేను రాడ్‌మన్ దగ్గర విడదీసుకున్నాను గదా, అన్న మాటల్లో అవి రెండూ ఒకటే. అతను కష్టపడి పట్టుకోలేదు, తెలిసి పట్టుకున్నాడు. తెలిసింది గనకే అంత కష్టం తెచ్చుకున్నాడు. ఇంత చేశాక సగం కూలి ఎందుకు తీసుకున్నావని అడగాలనుకున్నాను. ఎండ ఎక్కితే ఈ పని సాగదు, నువ్వూ రెండు వరసలు అందుకోమని మగపువ్వుల బుట్ట నా వైపు జరిపాడు.