గుర్రం అడుగులు లెక్కపెట్టినవాడు

విశ్వాసానికీ ఆచారానికీ ఉన్న సంబంధం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఎలీషా బెన్ అబూయా గుర్తొస్తాడు. రెండో శతాబ్దంలో యూదుల ధర్మశాస్త్రమైన తోరాలో పండితుడు, విశ్వాసం పోగొట్టుకున్నవాడు. ఎలా పోయిందన్నదానికి యూదు గురువుల చర్చల సంకలనమైన తల్మూదు చెప్పే కారణాల్లో ఒకటి ఇది: తండ్రి చెట్టెక్కమంటే ఓ కుర్రాడు ఎక్కాడు, గూట్లోని తల్లిపిట్టను ఎగరగొట్టి పిల్లల్ని తీసుకున్నాడు. తండ్రి మాట వినడం, తల్లిపిట్టను వదిలేయడం, రెండింటికీ తోరా దీర్ఘాయుష్షు ప్రకటించింది. కుర్రాడు దిగుతూ పడి చచ్చిపోయాడు. అలాంటిదేదో ఎలీషా కళ్లారా చూశాడట.

ఆ తర్వాత ఓ సబ్బాతు నాడు, అంటే యూదుల విశ్రాంతి దినాన, ఆయన గుర్రమెక్కి పోతున్నాడు. ఆ రోజు గుర్రమెక్కడమే నిషిద్ధం. శిష్యుడు రబ్బీ మేయిర్ వెనకే నడుస్తూ పాఠం వింటున్నాడు. కొంతదూరం పోయాక గురువు అతణ్ని వెనక్కి మళ్లమన్నాడు. సబ్బాతు నాడు ఊరు దాటి 2,000 మూరలకు మించి నడవకూడదు. గుర్రం అడుగుల్ని బట్టి ఆ హద్దు వచ్చేసిందని ఆయన లెక్కగట్టాడు. మీరూ తిరిగి రండి అన్నాడు మేయిర్. ఆయన రాలేదు.

నమ్మకం పోయినవాడికి ఆ లెక్కెందుకు?

అసలు నమ్మకం ఆజ్ఞతో వచ్చేదా? దేవుడున్నాడని ఎరగడమే మొదటి ఆజ్ఞ అన్నాడు మధ్యయుగపు యూదు తత్వవేత్త మైమొనిడిస్. ఆయన తర్వాత రెండు శతాబ్దాలకు వచ్చిన మరో యూదు తత్వవేత్త హస్దాయ్ క్రెస్కాస్ ఒప్పుకోలేదు: నమ్మడం మనిషి చేతిలో లేదు, చేతిలో లేనిదాన్ని ఆజ్ఞాపించడమేమిటి? నా ఓటు క్రెస్కాస్‌కే. చెయ్యెత్తమంటే ఎత్తగలను, నమ్మమంటే ఏం చెయ్యను? మన కాలానికి వస్తే జెరూసలేం పండితుడు యెషయాహు లైబొవిట్స్ (1903–1994) మరీ కరకు. ఆజ్ఞల్ని పాటించడమే విశ్వాసం, దానికి వెనక ఇంకేదో ఉందని వెతక్కండి అన్నాడు. మనశ్శాంతి కోసం ప్రార్థన చేసేవాడు తన్ను తాను సేవించుకుంటున్నట్టేనట. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది, చలి కూడా పుట్టిస్తుంది.

లైబొవిట్స్ కొలబద్దతో కొలిస్తే ఎలీషా దగ్గర ఏమీ మిగల్లేదు. నమ్మడు, పాటించడు. అయినా ఇంకొకరి ఆచారం తన మూలంగా చెడకూడదని అడుగులు లెక్కపెట్టాడు. అది అలవాటో, శిష్యుడి మీద ప్రేమో, ధర్మశాస్త్రం మీద చావని గౌరవమో తల్మూదు చెప్పదు. నాకు మాత్రం మూడూ ఒకటే అనిపిస్తాయి. ఏళ్ల తరబడి చేసిన పని మనిషిలో దిగబడిపోతుంది. దాన్ని పెకలించడానికి ఒక్క సందేహం చాలదు.

తల్మూదు ఆయన్ని పేరుపెట్టి పిలవడం తగ్గించేసి ‘వేరొకడు’ అంది. కానీ రబ్బీల హితోక్తులు కూర్చిన పిర్కే అవోత్ నాలుగో అధ్యాయంలో ఆయన మాట ఒకటి ఇప్పటికీ ఉంది, ఎలీషా బెన్ అబూయా అన్న పేరుతోనే.