వరద లేని రోజున

మాది చింతూరు దగ్గర, శబరి ఒడ్డు. ఉద్యోగం మాత్రం అమలాపురం పక్కన పల్లెలో, పిల్లలకు పాఠాలు చెప్పడం. 2022లో రెండు నెలల తేడాతో కోనసీమలో రెండు విపత్తులు చూశాను. ఒకటి మనుషులు తెచ్చింది, రెండోది గోదావరి తెచ్చింది. చీకటి రోజుల్లో ప్రేమ, కరుణ అనగానే నాకు ఆ రెండే గుర్తొస్తాయి.

ఆ ఏడాది ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. మన ఏజెన్సీకి అల్లూరి సీతారామరాజు పేరు పెడితే ఎవరూ రాయి విసరలేదు. (ఆయన వెంట నడిచిన గంటం దొర పేరు మాత్రం ఏ జిల్లాకూ లేదు. దాని గురించి వేరే వ్యాసం రాయాలి.) మే నెలలో కోనసీమకు అంబేద్కర్ పేరు చేరుస్తామని ప్రకటించాక, 24వ తేదీన అమలాపురం భగ్గుమంది. ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. బస్సులు కాలాయి, పోలీసులకు రాళ్ళ దెబ్బలు తగిలాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది.

ఆ రోజుల్లోనే టీ కొట్టు దగ్గర, నాకు బాగా తెలిసిన ఒకాయన, "ఆ పేరు రాసుకుని మా పిల్లలు అప్లికేషన్లు నింపాలా మాస్టారూ?" అన్నాడు. నేను గిరిజనుణ్ణని తెలిసే అన్నాడో, మర్చిపోయి అన్నాడో. టీ డబ్బులిచ్చి వచ్చేశాను.

జులైలో వరద వచ్చింది. 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు. 1986 తర్వాత గోదావరి అంత ఎత్తుకు రావడం అదే. గోదావరి ఎగదన్నితే శబరి వెనక్కి పొంగుతుంది. మావాళ్ళు గుట్ట ఎక్కి టార్పాలిన్ కింద పడుకున్నారు. మా ఊరిని ముంచిన నీరే ధవళేశ్వరం దాటి ఇక్కడి లంకలనూ ముంచింది. పడవల మీద పంపడానికి పులిహోర పొట్లాలు కడుతుంటే నా పక్కనే కూర్చున్నాడు ఆ టీ కొట్టు ఆయన. "మాస్టారూ, మీ అమ్మగారి వాళ్ళు క్షేమమేనా?" అని అడిగి, వద్దంటున్నా నా జేబులో రెండు వేలు కుక్కాడు.

ఆయన మంచితనం అబద్ధం కాదు. మే నెలలో అన్న మాటా అబద్ధం కాదు. ఇక్కడే నాకు చిక్కు. వరదలో కరుణను ఎవరూ ఎంచుకోరు, చెయ్యి దానంతటదే చాస్తుంది. మనవాళ్ళంతా కోపంతో ఒకవైపు నడుస్తున్నప్పుడు ఆగి నిలబడాలంటేనే ఎంచుకోవాలి. ఈ సీమలోనే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఆకలితో వచ్చినవాళ్ళకు ఏళ్ళ తరబడి వండి పెట్టారు. ఆమెను తలుచుకున్నప్పుడు నాకు గొప్పగా అనిపించేది అన్నం రాశి కాదు, వరద లేని మామూలు రోజున కూడా పొయ్యి వెలిగించడం. ఇప్పుడు మన బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు.

కానీ మా కుర్రాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు, న్యాయమైనదే. "కరుణ చూపమని ఎప్పుడూ దెబ్బ తిన్నవాడికే ఎందుకు చెప్తారు సార్?" పోలవరం కింద ఊళ్ళు పోతున్నవాళ్ళ పిల్లలు అడిగితే నేను తల దించుకుంటాను. సహించమని చెప్పడానికి కరుణను వాడుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. అంబేద్కర్ అలా వాడలేదు. ఆయన చనిపోయాక 1957లో వచ్చిన 'బుద్ధుడు–ఆయన ధమ్మం' పుస్తకంలో మైత్రి శత్రువు మీద కూడా ఉండాలన్నారు. ఆ మనిషే 1927లో మహద్ చెరువు నీళ్ళ కోసం జనాన్ని నడిపించారు. హక్కు వదులుకోలేదు, ఎవరి ఇల్లూ కాల్చలేదు. ఎవరి పేరు వద్దని ఇళ్ళు తగలబెట్టారో ఆయన చెప్పింది ఇదీ.

మరి నేను టీ కొట్టు దగ్గర ఊరుకున్నది మైత్రి వల్లేనా? కాదు. భయం వల్ల, అద్దె గది పోతుందేమోనని. పొట్లాలు కడుతూ అడగకపోవడం కూడా అంతే. దానికి చాలాకాలం కరుణ అని పేరు పెట్టుకుని బతికాను.

పోయిన సంక్రాంతికి వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు అడిగేశాను, గొంతు వణికింది. "ఆ రోజు మీ మాట నన్ను బాధపెట్టిందండీ. ఆ పేరు వల్లే నేను చదువుకుని మీ ఊరొచ్చాను." ఆయన చాలాసేపు కంచంలోకే చూశాడు. తర్వాత, "మావాడు ఆ రోజు గుంపులో ఉన్నాడు మాస్టారూ," అన్నాడు మెల్లగా. వాళ్ళావిడ వచ్చి నా విస్తట్లో మళ్ళీ అన్నం వడ్డించింది.