పితామహుని గూర్చి పలుకవలసిన మాట

పరమపదించిన తాతగారిని గూర్చియో, నాయనమ్మను గూర్చియో పదిమంది యెదుట నాలుగు మాటలు చెప్పవలసిన భారము నేడు తరచుగా మనుమలపై బడుచున్నది. పదమూడవనాడు శుభస్వీకారమునకు బంధువులందరు కూడి, ప్రబంధ పారాయణము ముగిసిన పిమ్మట, "నీవు చదువుకొన్నవాడవు, మాట్లాడుము నాయనా" అని పెద్దలు ఆజ్ఞాపింతురు. అపుడు వైష్ణవ గృహమున బుట్టినవానికి ఒక సందేహము కలుగక మానదు. నరస్తుతి కూడదని కదా మన పూర్వుల మాట! నమ్మాళ్వారులు తిరువాయ్మొళి మూడవ శతకమున ఒక దశకమునంతయు ఈ విషయమునకే వినియోగించిరి. మరి మనుమడు తాతను పొగడవచ్చునా?

ఆ నిషేధము ధనము నాశించి లేని గుణముల నంటగట్టు పొగడ్తకే చెల్లును. మధురకవి ఆళ్వారు తమ 11 పాశురములలోను కీర్తించినది తమ ఆచార్యులైన నమ్మాళ్వారులనే కదా. కాని ప్రతి తాతయు ఆళ్వారు కాడు. చిక్కంతయు ఇచటనే యున్నది. ముక్కోపియైన తాతను శాంతమూర్తి యని వర్ణించితిమనుకొందము. ఆ కోపమును నలువదేండ్లు భరించిన నాయనమ్మ ఎదుటనే కూర్చుండి వినుచుండును. ఆ పొగడ్త ఆమె పడిన కష్టమును లేదనుటయే యగును. పోనీ, ఉన్నదున్నట్లు చెప్పుదమన్నచో ఆ దుఃఖసమయమున అది క్రౌర్యము. వాక్కునకు సంబంధించిన తపస్సును చెప్పుచు గీత 17వ అధ్యాయము సత్యమును, ప్రియమును, హితమును, నొప్పింపని గుణమును ఒక్కచోటనే కూర్చినది. ఒకదానిని విడిచి మరియొకటి పట్టుకొనుటకు వీలులేదు.

పితామహుడనగానే మనకు స్ఫురించువాడు భీష్ముడు. ఆయన 58 రాత్రులు శరతల్పమున శయనించి ధర్మములనెల్ల ఉపదేశించెను. అయినను, ద్రౌపది నిండుసభలో ప్రశ్నించినపుడు ధర్మము సూక్ష్మమైనదని చెప్పి నిర్ణయింపలేకపోయిన ఘట్టమును వ్యాసుడు దాచలేదు. దానివలన భీష్ముని యెడ మన భక్తి తగ్గినదా? భీష్ముని అంత్యక్రియల పిమ్మట గంగాదేవి నీటి నుండి వెలువడి, పరశురామునిచే సైతము ఓడింపబడని తన కుమారుడు శిఖండిచే హతుడయ్యెనే యని విలపించినది. శ్రీకృష్ణుడు ఆమె నోదార్చుచు, కూల్చినవాడు శిఖండి కాడు, అర్జునుడని తెలిపెను. భీష్ముడు వసువులలో నొకడనియు, తన స్థానమునకే చేరెననియు చెప్పెను. ఓదార్పులో సైతము ఆయన పొరపాటును పొరపాటుగా నుండనీయలేదు. సవరించిన తీరులో మాత్రము ఎంత మృదుత్వము!

కావున వ్రాయబూనిన మనుమడు ముందుగా నాయనమ్మను, మేనత్తలను, పాలేరును అడిగి తెలుసుకొనవలెను. 'మహానుభావుడు', 'అజాతశత్రువు' వంటి మాటలు ఎవరికైనను అతుకును గనుక ఎవరినీ చూపవు. ధనుర్మాసమున తెల్లవారుజామున చన్నీట స్నానమాడి తిరుప్పావై 30 పాశురములను చెప్పుకొనెడివాడని, కోపము వచ్చిన పూట భోజనము మాని, సాయంకాలమున తానే వచ్చి పలుకరించెడివాడని చెప్పినచో నాయనమ్మ తల యూపును. కోపమును దాచినట్లు కాదు, దూషించినట్లును కాదు.

కాగితముపై వ్రాసికొని చదువుటలో సిగ్గుపడవలసినది లేదు. కంఠము గద్గదమైనచో ప్రక్కనున్న తమ్ముడు ఆ కాగితము నందుకొని తక్కినది చదువవచ్చును.