కరెంటు తీగ ఎవరి సొత్తు?

హైదరాబాదు హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు. ఉత్పత్తిలోకి ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. పంపిణీ మాత్రం నేటికీ ప్రభుత్వ డిస్కంల చేతిలోనే ఉంది. ఆ అద్దాల మేడలకు కరెంటు ఇచ్చేది సర్కారు సంస్థే.

దాన్నీ ప్రైవేటుకిస్తే నష్టమేమిటని మన చదువుకున్న పిల్లలే అడుగుతున్నారు. లెక్క చూద్దాం. ఐటీ కారిడార్‌లో తీగ పొట్టి, బిల్లు పెద్దది. అదే డిస్కం అమ్రాబాద్ అడవికీ కరెంటు ఇవ్వాలి. అక్కడ తీగ పొడవు, బిల్లు చిన్నది. వాణిజ్య వినియోగదారు యూనిట్‌కు ఎక్కువ కట్టడం, ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వడం వల్లే పేదింటికి ధర తగ్గుతోంది. 2022 ఆగస్టులో లోక్‌సభలో పెట్టిన విద్యుత్ సవరణ బిల్లు, ఒకే ప్రాంతంలో ఉన్న తీగల మీదే పలు కంపెనీలు కరెంటు అమ్ముకోవచ్చంది. అప్పుడు లాభం కోసం వచ్చే కంపెనీ మాదాపూరు చూస్తుందా, చెంచు పెంట చూస్తుందా?

పక్కనున్న ఒడిశా 1999లో పంపిణీని ప్రైవేటుకిచ్చింది. ఆ ఏడాదే పెనుతుపాను వచ్చింది. మధ్య ప్రాంతం తీసుకున్న ఏఈఎస్ అనే అమెరికా కంపెనీ 2001లో తప్పుకుంది. భారం మళ్లీ ప్రభుత్వం మీదే పడింది.

ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడమూ సాధ్యమే. జేగురుపాడులో జీవీకే గ్యాస్ కేంద్రం మొదటి దశను 2016లో ఆంధ్రప్రదేశ్ డిస్కంలు కొన్నాయి.

అయితే ప్రభుత్వం చేతిలో ఉంటే చాలా? మాచ్‌ఖండ్ ప్రభుత్వ ప్రాజెక్టే. దాని జలాశయం కింద మన జనం ఊళ్లూ పొలాలూ పోయాయి. 1955లో పుట్టిన ఆ కరెంటు ముందు పట్టణాలకు పోయింది. సొంతదారు ప్రభుత్వమైనా గూడెం మాట ఎవరూ అడగలేదు.

1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదంది. లాభంలో కనీసం 20 శాతం స్థానికుల బాగుకు పెట్టాలనీ చెప్పింది. ఆ న్యాయం కరెంటుకూ వర్తించాలి. భూమి ఇచ్చినవాడికి వెలుగులో వాటా ఉండాలి, నిర్ణయంలో మాట ఉండాలి.

కాబట్టి ప్రైవేటు కంపెనీలను ప్రజల ఆస్తి చేయమని అడుగుదాం. ఆ ప్రజల్లో మనమూ ఉన్నామని కూడా చెబుదాం. చార్జీలు నిర్ణయించే ముందు విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరుపుతుంది. ఉపాధ్యాయులు ఆ కాగితాలు పిల్లలతో చదివించాలి. యువకులు గ్రామసభ తీర్మానం పట్టుకుని అక్కడికి వెళ్లాలి.