దేవాలయ సౌందర్యమునకు వెల

దేవుని పేర కట్టబడిన మందిరము అందముగా నుండుట ధర్మమేనా? ద్వారము వెలుపల ఆకలిగొన్నవాడు కూర్చుండియుండగా లోపలి కిటికీలకు రంగుల అద్దములు బిగించుట న్యాయమా? ఈ ప్రశ్న మన కాలమున పుట్టినది కాదు. ఐరోపాలో గొప్ప కథీడ్రళ్లు లేచుచున్న దినములలోనే, ఆ కట్టడముల నీడలోనే, ఇది అడుగబడినది.

అయినను చదువరీ, నిందించుటకు ముందు ఆ సౌందర్యమునకు చెల్లవలసిన గౌరవమును చెల్లింతము. ఫ్రాన్సు దేశమున షార్త్ర్ అను పట్టణము కలదు. అచ్చటి పాత కథీడ్రల్‌లో అధికభాగము 1194లో అగ్నికి ఆహుతియాయెను. ఇప్పుడున్న కట్టడము అటుతరువాత లేచి 1260లో ప్రతిష్ఠింపబడినది. పూర్వము రాతికప్పును మోయుటకు గోడలు మిక్కిలి దళసరిగా నుండవలసియుండెను. కిటికీలు చిన్నవి, లోపల చీకటి. అప్పటి మేస్త్రీలు కమానును మొనదేల్చిరి. గుండ్రని కమాను తన భారమును ప్రక్కలకు ఎక్కువగా నెట్టును. మొనదేలిన కమాను దానిని నేలవైపునకు దింపును. మిగిలిన ఒత్తిడిని గోడకు వెలుపల చేతులు చాచినట్లు నిలిచిన రాతి ఊతములు అందుకొనును. అట్లు గోడకు మోత తగ్గగా, రాయి ఉండవలసిన చోట గాజు నిలిచెను. షార్త్ర్‌లో ఆ గాజు సుమారు 2,600 చదరపు మీటర్లు. ప్రొద్దు నడచినకొలది లోపలి నేలమీద నీలము, ఎరుపు నడచును. అంత బరువైన రాయి బరువు లేనిదానివలె కనబడుట చూచినవాడు కొంతసేపు మాటలాడకుండుట సహజము.

ఆ కిటికీల అడుగుభాగములలో రొట్టెలు కాల్చువారు, చెప్పులు కుట్టువారు, వడ్రంగులు తమ తమ పనులు చేయుచున్నట్లు చిత్రింపబడిరి. ఆ వృత్తులవారే వాటిని కానుకగా ఇచ్చిరని చాలకాలము చెప్పబడినది. తరువాతి చరిత్రకారులు కొందరు దీనిని శంకించిరి. వీరు మనస్ఫూర్తిగా ఇచ్చిన దాతలా, లేక తప్పనిసరియై చెల్లించినవారా? 1210లో ఆ పట్టణపు జనులే అచ్చటి మతాధికారి గృహముపై దాడి చేసిరి. రైమ్స్ పట్టణములో సంగతి ఇంకను ముదిరెను. 1233లో పౌరులు ఆర్చిబిషప్పుపై తిరుగబడగా కథీడ్రల్ పని కొన్ని సంవత్సరములు నిలిచిపోయెను.

క్లేర్వో మఠాధిపతియైన బెర్నార్డు సుమారు 1125లో, గోడలు మెరయుచుండ బీదలు దిగంబరులై యున్నారని గద్దించుచు వ్రాసెను. ఆయన కోపము ముఖ్యముగా సన్యాసుల మఠముల మీదనే. బిషప్పుల దేవాలయముల విషయమై కొంత సడలింపు ఇచ్చెను. ఇక సెయింట్ డెనిస్ మఠాధిపతి సూజే 1144లో తాను కట్టించిన వెలుగుల మందిరమును ప్రతిష్ఠించి, శ్రేష్ఠమైనదెల్ల దేవుని సేవకే చెల్లునని వాదించెను. ఇద్దరును భక్తులే.

బేతనియలో స్త్రీ విలువగల అత్తరును ప్రభువుపై పోసిన వృత్తాంతమును సూజే పక్షమువారు తరచుగా ఎత్తి చూపుదురు. దానిని అమ్మి బీదలకియ్యరాదా అని అడిగినవాడు సంచి దొంగిలించిన యూదాయే గదా అందురు. యోహాను వ్రాసినది అట్లే. కాని మత్తయి ఆ ప్రశ్నను శిష్యులందరి నోట ఉంచెను. కనుక అది దొంగలు మాత్రమే వేయు ప్రశ్న కాదు. మరియొకటి: ఆ అత్తరు ఆమెది. ఆమె ఎవరియొద్దను పన్నుగా రాబట్టలేదు.

నా దృష్టిలో చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఎంత ఖర్చాయెనని కాదు, ఎవరి చేతినుండి ఎట్లు వచ్చెనని అడుగవలెను. రోములోని పరిశుద్ధ పేతురు దేవాలయము కథీడ్రల్ కాదు గాని, ఈ విచారణలో దానిని విడువరాదు. 1506లో పునాది వేయబడిన ఆ కట్టడమునకై పాపపరిహార పత్రములు అమ్మబడెను. గొఱ్ఱెల చర్మముతోను ఎముకలతోను కట్టబడుటకంటె అది బూడిదయగుటయే మేలని 1517లో లూథర్ తన వాదములలో వ్రాసెను. మైకెలాంజిలో గుమ్మటము అందమైనదే. ఆ అందమును చూచుచు ఆ లెక్కను మరచుట నాకు సాధ్యము కాదు. ఉన్నతి కొరకే ఉన్నతిని కోరిన బోవే పట్టణపు కథీడ్రల్ గతి వేరు. దాని కప్పు 1284లో కూలెను. 153 మీటర్ల శిఖరము 1573లో పడిపోయెను. ముందుభాగము నేటికిని కట్టబడలేదు.

కరవు నడుమనే లేచిన దేవాలయము ఒకటి తెలుగు నేలమీద కలదు. మెదకు కథీడ్రల్‌ను వెస్లియన్ మిషనెరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించెను. 1914లో ఆరంభమైన పని ముగిసి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, సుమారు 175 అడుగుల గోపురము. అవి యుద్ధము, కరవు, వ్యాధి కలిసివచ్చిన సంవత్సరములు. ఆకలితో వచ్చినవారికి ఊరకే పెట్టుటకంటె పని చూపి తిండి ఇచ్చుట మేలని పోస్నెట్ తలంచెను.

ఆకలిగొన్నవానికి ఆ పనిని కాదను స్వేచ్ఛ కలదా? అదే కూలితో చెరువులు త్రవ్వించియుండరాదా? ఈ ఆక్షేపణలను తేలికగా త్రోసివేయరాదు. అయితే చెరువు నీరు ఎవరి పొలమునకు పారును? భూమిలేనివానికి దానివలన దక్కునది ప్రధానముగా ఆనాటి కూలియే. మెదకు ప్రాంతపు క్రైస్తవులలో అధికులు మాల, మాదిగ వాడలనుండి వచ్చినవారు. ఊరి గుడి గడప దాటనీయబడనివారు, ఊరి బావిలో చేద వేయనీయబడనివారు. షార్త్ర్‌లో ఆరాధన జరుగు స్థలమునకును సామాన్య జనమునకును నడుమ 13వ శతాబ్దమున రాతి తెర కట్టబడెను. 1763 వరకు అది తీయబడలేదు. మెదకులోనో, ఊరు బయట నిలిపినవారు ముందు ద్వారముననే ప్రవేశించి, గచ్చు పరచిన నేలమీద కూర్చుండి తలయెత్తి చూడగలిగిరి.

బీదవానికి రొట్టె చాలును, అందము అక్కరలేదు అనువాడు తెలియకయే అందమును ధనికుల సొత్తుగా వ్రాసియిచ్చుచున్నాడు. పిడికెడు గింజలున్న గుడిసెలో సయితము ఇల్లాలు తెల్లవారకమునుపే లేచి వాకిలి ఊడ్చి, పిండి తక్కువైనను చిన్న ముగ్గు పెట్టును. దానిని దుబారా అని ఎవరందురు?

మెదకు కిటికీలలో ప్రభువు జననము, సిలువ, ఆరోహణము రంగుల గాజున చిత్రింపబడియున్నవి. ఎండ ఉన్నంతసేపే లోపలివారికి అవి వెలుగును. ఏటేట క్రిస్మస్ దినమున చుట్టుపట్ల పల్లెలనుండి జనులు వేలకొలది వచ్చుచుందురు. వారిలో ఆ రాళ్లు మోసినవారి మునిమనుమలు ఉండక మానరు.